తొడిమల షెల్టరు

ఉద్యోగానుభవాలు రాయాలంటే తల నెరవాలి, మోకాళ్లు నొప్పెట్టాలి, సన్మానంలో కప్పిన శాలువా బీరువాలో ఉండాలి. నాకు మూడూ లేవు. వార్డు సచివాలయంలో మహిళా పోలీసుగా కొన్నేళ్లు పనిచేసి, ముప్పై నిండకుండానే మానేశాను. అయినా విరమణ విరమణే. రేపు నా కుర్చీలోకి వచ్చే అమ్మాయికి అక్కడ ఎవరూ ఏమీ చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను. ముందుగా, ఆ కుర్చీకి ఎడమ కాలు కొంచెం పొట్టి. జాగ్రత్తగా కూర్చో.

ఈ ఉద్యోగానికి నాకు మెడలో వేసుకునే గుర్తింపు కార్డు ఒకటి ఇచ్చారు. లాఠీ లేదు, ఈల లేదు. గొంతు నాకు పుట్టుకతోనే లేదు. ఇంటర్లో హాజరు పిలిస్తే నేను పలికింది పక్కమ్మాయికి కూడా వినపడేది కాదు. రాతపరీక్షలో మార్కులొచ్చాయి గనక ఉద్యోగమిచ్చారు. వీధుల్లో జనాన్ని అదిలించాల్సిన మనిషికి నోరుందో లేదో ఎవరూ అడగలేదు. ఇంటికెళ్లి డైరీలో మాత్రం అందర్నీ బాగా అదిలించేదాన్ని.

బోర్డు

మా ఊరు గుంటూరు నుంచి ఒంగోలు పోయే దారిలో ఉంటుంది. మిరప గురించో పత్తి గురించో మాట్లాడకపోతే ఇక్కడ మనిషిని అనుమానంగా చూస్తారు. ఊరి మధ్యలో, మూతబడ్డ జిన్నింగు మిల్లు గోడ పక్కన, పెద్ద బస్ షెల్టరు ఉంది. ఎవరో దాత వాళ్ల నాన్న పేరు మీద కట్టించాడు. వెడల్పాటి సిమెంటు అరుగులు, మూడు వైపుల నుంచీ గాలి. ఊళ్లో అంతకన్నా చల్లటి చోటు లేదు. అందుకే అక్కడ బస్సు కోసం ఎవరూ కూర్చునేవారు కాదు.

మధ్యాహ్నం భోజనాలవగానే పేకాట బృందం దిగేది. పొద్దు వాలేసరికి సీసాలు తోడయ్యేవి. గుంటూరు బ్రాడీపేటలో కోచింగులకు పోయే ఆడపిల్లలు రోడ్డు అవతల, మురుగుకాలవ పక్కన, పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని ఎండలో నిలబడేవాళ్లు. అన్నాళ్లలో షెల్టరు మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఎండలో ఉన్నవాళ్లకి ఫిర్యాదు చెయ్యొచ్చని తెలియదు. నీడలో ఉన్నవాళ్లకి ఫిర్యాదేమీ లేదు.

కొత్తగా వచ్చిన మునిసిపల్ కమిషనరు గారికి బోర్డుల మీద నమ్మకం ఎక్కువ. అసాంఘిక కార్యకలాపాలను అరికట్టాలని సమావేశం పెట్టి, బహిరంగ స్థలాల్లో చెయ్యకూడని పనులు ఇవీ అని తీర్మానం చేయించారు. మద్యం తాగరాదు, పేకాట ఆడరాదు, ఉమ్మరాదు, గుంపులుగా చేరరాదు, స్థలం ఆక్రమించరాదు. వాటన్నిటినీ ఎర్రక్షరాలతో రేకు మీద రాయించి షెల్టరుకి బిగించారు. అన్నిటికన్నా పెద్ద అక్షరాలు కింద ఉన్న ఆయన పేరువి. మా ఊళ్లో అసాంఘిక పని ఏదీ ఎవడూ ఒక్కడే కూర్చుని చెయ్యడు, నలుగురూ చేరితే తప్ప అది సాగదు అని నాకు అప్పుడే అనిపించింది గానీ, సమావేశంలో నోరు తెరవలేదు.

వారం తర్వాత చూద్దును గదా, బోర్డు అంచుకి మేకులు కొట్టి ఉన్నాయి. ఉక్కపోతకి విప్పిన చొక్కాలు వాటికి తగిలించారు. 'పేకాట ఆడరాదు' మీద ఒక గళ్ల చొక్కా ఆరుతోంది.

వాళ్లని లేపి పంపమని నాకు ఆదేశం. వెళ్లాను. బృందానికి పెద్ద కోటేశ్వరరావు గారు. పురుగుమందుల కొట్టు కొడుక్కి అప్పజెప్పి తీరిగ్గా ఉన్న మనిషి. ఊళ్లో గౌరవం ఉంది. నేను దారంతా బట్టీపట్టిన వాక్యం సగం చెప్పేలోగా ఆయన అరుగు మీద చోటు చూపించి, "ఎండన పడి వచ్చావు, కూర్చో తల్లీ. ఒరేయ్, పాపకి సోడా చెప్పండ్రా" అన్నారు.

సోడా వచ్చింది. తాగాను. చల్లగా ఉంది. సీసా తిరిగిచ్చి వచ్చేశాను.

ఇది నీకు పనికొచ్చే సంగతి. అరిచేవాడితో ఇబ్బంది లేదు, వాడి అరుపే నీకు సాక్ష్యం. ఆప్యాయంగా మాట్లాడే పెద్దమనిషి దగ్గరే మన రూలు నాలిక మీద అతుక్కుపోతుంది. అలాంటివాళ్ల దగ్గరికి నీళ్లసీసా వెంట తీసుకుని వెళ్లు. దాహంతో వెళ్లొద్దు.

పొగ

బోర్డు పనిచెయ్యకపోతే శానిటరీ ఇన్‌స్పెక్టరు ప్రసాద్ గారు ముందుకొచ్చారు. ఆయనది ఊరికే కూర్చునే స్వభావం కాదు. పని లేకపోతే కల్పించుకుంటారు. కోల్డు స్టోరేజీల దగ్గర తాలు కాయ, అంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయ, ఊరికే వస్తుంది. షెల్టరు వెనక ఓ గంపెడు తాలు తగలబెడితే ఘాటుకి ఎంతటివాడైనా లేచి పోవాల్సిందేనని ఆయన ఆలోచన. దోమల కోసం పొగ పెట్టామని రాసుకోవచ్చట. నాకది తెలివైన పనిలాగే కనిపించిందని ఒప్పుకోవాలి. మిరప నేల మీద పుట్టినవాళ్లం, మాకు ఏ కష్టం వచ్చినా మొదట తట్టేది మిరపకాయే.

పొగ లేచింది. పేకాట బృందం దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ రోడ్డు మీదకి పరిగెత్తింది. ప్రసాద్ గారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. అంతలో గాలి తిరిగింది. ఘాటు మొత్తం రోడ్డు దాటి, కాలవ పక్కన నిలబడ్డ ఆడపిల్లల మీదకి పోయింది. పాపం ఆ పిల్లలు బస్సు వదిలేసి ముక్కు మూసుకుని ఇళ్లకి పోయారు. షెల్టరులో పొగ విడిపోగానే బృందం తిరిగొచ్చి కూర్చుంది.

అసలు విడ్డూరం ఆ తర్వాత ఉంది. మిరపకాయలు తగలబెట్టి దిష్టి తీయడం మా ఇళ్లలో మామూలే. ఆ పొగకి గట్టిగా దగ్గు వస్తే దిష్టి పోయినట్టు. ఇంతమంది ఒక్కసారిగా ఇంత దగ్గు దగ్గారు గనక ఇన్నాళ్లూ ఆటలో మంచి ముక్క పడకపోవడానికి కారణం దిష్టేననీ, ఇప్పుడది వదిలిందనీ బృందం తేల్చుకుంది. మర్నాడు పక్క వీధి నుంచి కూడా మనుషులొచ్చి చేరారు. కోటేశ్వరరావు గారైతే ప్రసాద్ గారిని పిలిచి మరీ, "అమావాస్యకి ఇంకోసారి వెయ్యవయ్యా, కాయ మేం తెప్పిస్తాం" అన్నారట. ప్రసాద్ గారు ఆ తర్వాత షెల్టరు వైపు రాలేదు.

మస్తాన్‌బీ

మిల్లు ఆవరణలో చాలాకాలంగా కొందరు ఆడవాళ్లు మిరపకాయల తొడిమలు తీసేవాళ్లు. వ్యాపారి ఆటోలో టిక్కీలు, అంటే మిరప గోతాలు, దింపించి పోతాడు. వీళ్లు తొడిమ తీసి కాయ అప్పజెబుతారు. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లకి మిరప కాలంలో దొరికే పని అదే. వాళ్లకి ముందుండేది మస్తాన్‌బీ. నలభై దాటిన మనిషి. ఆవిడ మాట మెల్లగా అన్నా వీధి చివరికి వినిపిస్తుంది. ఆ గొంతు చూసి నాకు అసూయగా ఉండేది.

ఒకరోజు మిల్లు అమ్మకానికి పెట్టారని గేటుకి తాళం పడింది. చెట్టు కింద ఎండ తగులుతుంది, వాన పడితే కాయ బూజు పడుతుంది. ఇంటికి తీసుకుపోదామంటే మస్తాన్‌బీది ఒక్కటే గది, పైగా ఆవిడ కూతురు చాందినికి ఆయాసం. గదిలో టిక్కీ విప్పితే ఆ పిల్ల ఊపిరి అందక గోడ పట్టుకుంటుంది. అందుకని మస్తాన్‌బీ పొద్దున్నే వచ్చి, షెల్టరులో గోతాలు పరిచి కూర్చుంది. మిగతావాళ్లు ఆవిడ వెనకే వచ్చారు.

మధ్యాహ్నం బృందం వచ్చేసరికి అరుగుల నిండా ఎరుపు. గొడవ అవుతుందని నేను దూరంగా నిలబడ్డాను, ఆపడానికి కాదు, ఎటు పరిగెత్తాలో చూసుకోడానికి. మస్తాన్‌బీ మాత్రం నవ్వుతూనే జరిగి చోటిచ్చింది.

"కూకో కోటేశ్వర్రావన్నా, మేమేం వద్దన్లా. ఇది అందరిదీ. ఇక్కడ కూకున్నోళ్లు ఊరికే ఉండకూడదు, అంతే" అని దోసెడు కాయలు ఆయన ముందు పోసింది.

ఆయన నవ్వులాట అనుకుని నాలుగు కాయలు తీశారు. తర్వాత అలవాటుగా కన్ను నులుముకున్నారు. ఆ సాయంత్రం బృందం తొందరగా లేచింది. మర్నాడు రాలేదు. వాళ్లని లేపింది ఘాటు కాదని నా నమ్మకం. ఘాటు వాళ్లకి అలవాటే. ఊరి మధ్యలో, బస్సుల్లో పోయేవాళ్లందరూ చూస్తుండగా, ఆడవాళ్ల మధ్య కూర్చుని పని చెయ్యడం అలవాటు లేదు.

రోడ్డు అవతలి పిల్లలు కొన్నాళ్లు అటూ ఇటూ చూసి, ఒక్కొక్కరే ఇవతలికొచ్చారు. మస్తాన్‌బీ రూలు వాళ్లకీ తప్పలేదు. బస్సు వచ్చేదాకా ఒళ్లో కాయలు, పక్కన పుస్తకం తెరిచి ఉండేది. నాకు మాత్రం మినహాయింపు. వెళ్లినప్పుడల్లా నా మెడలో కార్డు చూసి, "నువ్వు డూటీలో ఉండావు, వద్దులే" అనేది.

షెల్టరు సమస్య బోర్డు ఏర్పాటు వల్ల పరిష్కారమైందని కమిషనరు గారు పైకి నివేదిక పంపారు.

ఫిర్యాదు

అప్పుడొచ్చింది షెల్టరు మీద మొదటి ఫిర్యాదు. ప్రయాణికుల కోసం కట్టిన స్థలాన్ని కొందరు మహిళలు ఆక్రమించారనీ, ఘాటు వల్ల, దుమ్ము వల్ల ప్రజలకు తీవ్ర అసౌకర్యం కలుగుతోందనీ, నిబంధనల ప్రకారం వెంటనే తొలగించాలనీ ప్రజలు కోరుతున్నారు. ప్రజల తరఫున సంతకం కోటేశ్వరరావు గారిది.

అందులో అబద్ధం లేదు. దుమ్ము నిజమే. బస్సు దిగిన ముసలాయన ఒకరు తుమ్ములు ఆగక అవస్థపడటం నేనూ చూశాను. గుంపు చేరరాదు, ఆక్రమించరాదు అన్న రెండు రూళ్లూ వాళ్ల మీద చక్కగా సరిపోయాయి. పేకాటరాయుళ్ల కోసం రాయించిన బోర్డు, వాళ్లని కదిలించలేని బోర్డు, తొడిమలు తీసేవాళ్ల మీద మాత్రం పడటానికి సిద్ధంగా ఉంది. బహిరంగ స్థలాల రూళ్లతో నువ్వు కనిపెట్టుకుని ఉండాల్సింది ఇదే. అవి ఎవరి కోసం పుట్టాయో వాళ్ల దగ్గర మొరాయిస్తాయి, ఎదురు తిరగలేని వాళ్ల దగ్గర పరిగెత్తి పనిచేస్తాయి.

కమిషనరు గారు నన్ను పిలిచి, "ఆడవాళ్ల విషయం, నువ్వే ఖాళీ చేయించాలి. శుక్రవారం నేనొస్తాను, పంచనామా రాసి పంపించేద్దాం" అన్నారు. నేను తలూపాను. ఊపిన తలని ఇంటికొచ్చి బాగా తిట్టుకున్నాను.

గురువారం వెళ్లి మస్తాన్‌బీకి చెప్పాను. నా మాటలు నాకే వినపడనంత మెల్లగా చెప్పినట్టున్నాను. ఆవిడ చేతిలో పని ఆపకుండా విన్నది.

"ఇంటికి తీసకపోతే నా పిల్లకి ఊపిరాడదు. ఇక్కడ తియ్యకపోతే టిక్కీ ఇంకో ఊరికి పోద్ది. ఈ రెండిట్లో ఏది ఎంచుకోమంటావో నువ్వే చెప్పమ్మాయ్. చదువుకున్నావుగా."

 రేపు కమిషనరు గారొస్తారని మాత్రం ఇంకోసారి చెప్పి వచ్చేశాను. చాందిని వయసు తొమ్మిదో పదో. అమ్మ వెనక, గాలి వచ్చే వైపు కూర్చుని బొమ్మలు గీసుకుంటోంది.

పంచనామా

శుక్రవారం కమిషనరు గారు జీపు దిగగానే మూడు తుమ్ములు తుమ్మి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, త్వరగా కానివ్వమన్నారు. కోటేశ్వరరావు గారు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చారు. ఆడవాళ్లు లేవలేదు, తొడిమలు తీస్తూనే ఉన్నారు. వాళ్ల మధ్య బస్సు కోసం కూర్చున్న ఒక పెద్దావిడ ఒళ్లో కూడా కాయలున్నాయి. నేను ఆవిడని ఎరగను.

పంచనామా పద్ధతి నీకు నేర్పుతారు. ఫిర్యాదీ చెప్పింది చెప్పినట్టు రాయాలి, రాసింది అక్కడున్న అందరికీ వినిపించేలా చదవాలి, తర్వాతే సంతకం. రాయడం నాకు వచ్చిన ఏకైక విద్య. జీపు పక్కన నిలబడి కోటేశ్వరరావు గారు చెబుతుంటే రాస్తూ పోయాను. రాస్తూ అవసరమైన చోట ప్రశ్న అడగాలి. అడిగాను.

"మీకు కలిగిన అసౌకర్యం ఏమిటో రాయాలండీ. మీరు ఏ బస్సు కోసం వచ్చేవారు?"

"బస్సని కాదమ్మా. మేం నలుగురం ఎన్నో ఏళ్లుగా రోజూ మధ్యాహ్నం ఇక్కడే కూర్చుంటాం. ఈళ్లొచ్చాక మాకు చోటే లేకుండా పోయింది."

"కూర్చుని ఏం చేసేవారని రాయమంటారండీ?"

ఆయన కొంచెం ఆలోచించి, "కాలక్షేపం అని రాయి" అన్నారు. సాయంత్రం దాకానా అంటే, సాయంత్రం దాకానే అన్నారు. అలాగే రాశాను.

చదవబోయేసరికి రేపల్లె బస్సు వచ్చి ఆగి, ఎదురుగా ట్రాక్టరు అడ్డం ఉందని హారన్ మోగిస్తూనే ఉంది. కమిషనరు గారు రుమాలు వెనక నుంచి, వినపడటం లేదు, గట్టిగా చదవమని విసుక్కున్నారు. గట్టిగా చదివాను. ఇంకా గట్టిగా అన్నారు. అప్పుడు నా గొంతులోంచి, ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్లూ, ఒక అరుపు బయటికొచ్చింది. ఫిర్యాదీ అయిన కోటేశ్వరరావు గారు కొన్నేళ్లుగా ప్రతిరోజూ మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు ఇదే షెల్టరులో మిత్రులతో కాలక్షేపం చేసేవారని బస్సులో వాళ్లక్కూడా తెలిసింది. సరిగ్గా ఆ సమయానికి ట్రాక్టరు తప్పుకుని హారన్ ఆగింది. చివరి వాక్యం నిశ్శబ్దంలో పడింది.

ఒళ్లో కాయలున్న పెద్దావిడ తలెత్తింది.

"ఏమయ్యా, రోజూ సత్సంగానికని పోతివే. ఆ సత్సంగం ఇక్కడా?"

ఆవిడ కోటేశ్వరరావు గారి భార్య, భారతమ్మ గారు. నరసరావుపేటలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోడానికి వచ్చి కూర్చుందట. ఆయన అప్పటిదాకా ఆడవాళ్ల వైపు చూడనే లేదు, ఫిర్యాదు వాళ్ల మీదే అయినా.

షెల్టరులో ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకుంటూ తొడిమలు విరిచే చప్పుడు మాత్రం ఎక్కువైంది. కమిషనరు గారు బోర్డు వైపు, దాని మేకుల వైపు, కోటేశ్వరరావు గారి వైపు చూసి, "ఏం కాలక్షేపమండీ?" అని అడిగారు.

భారతమ్మ గారు అక్కడితో వదల్లేదు. "ఆ కాలవ పక్కన ఆడపిల్లలు ఎండకి మాడినన్నాళ్లూ ప్రజలు ఎక్కడికి పోయారయ్యా? ప్రజల తరఫున నువ్వు సంతకం పెడితే, ఆ పిల్లల తరఫున నేను పెట్టొద్దా ఇప్పుడు?" అంది. అరవలేదు. ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అంది.

"సర్లే తల్లీ, ఆ ఫిర్యాదు కొట్టెయ్" అన్నారు కోటేశ్వరరావు గారు నాతో.

ఒక్కటి చెప్పాలి, ఆ రోజు న్యాయం ఏదో గెలిచిందని నువ్వు అనుకోవద్దు. కమిషనరు గారికి మధ్యాహ్నం ఇంకో కార్యక్రమం ఉంది, ముక్కు కారుతోంది. ఒక వైపు అరుగులు ప్రయాణికులకి, మిల్లు గోడ వైపు అరుగులు తొడిమలవాళ్లకి, దుమ్ము లేవకుండా గోనెపట్టా తడిపి కట్టాలి, పొద్దు వాలేలోగా ఊడ్చి పోవాలి. ఇదంతా నిలబడే చెప్పారు, జీపెక్కారు. ఇంకో కమిషనరు అయితే, లేదా గాలి ఇంకోవైపు వీస్తే, మస్తాన్‌బీ ఆ సాయంత్రం టిక్కీ ఎత్తుకుని ఇంటికి పోవాల్సి వచ్చేది. మన పనిలో సగం పరిష్కారాలు ఇలా ముక్కుల మీద, హారన్ల మీద ఆధారపడి ఉంటాయి. మిగతా సగానికి మాత్రం మనమే అడగాలి. ఏ బస్సు కోసం వచ్చారండీ అని అడగాలంటే గొంతు అక్కర్లేదు. అడిగితే చాలు.

భారతమ్మ గారి బస్సు ఇంకా రాలేదు. ఆవిడని వదిలి పోలేక కోటేశ్వరరావు గారు ప్రయాణికుల వైపు అరుగు మీద కూర్చున్నారు. మస్తాన్‌బీ లేచి వెళ్లి ఆయన ముందు దోసెడు కాయలు పోసింది. ఈసారి ఆయన కన్ను నులుముకోలేదు.

చివరి రోజు

ఒంగోలులో ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది. అక్కడ కూడా ఒక బోర్డు ఉందట, నిశ్శబ్దం పాటించమని. అది ఎవరూ నేర్పక్కర్లేని మనిషిని నేను. ఎందుకు మానేశావని అందరూ అడిగారు. రోజూ పుస్తకాల మధ్య కూర్చోవాలని ఉంది అని చెప్పాను. నిజమే. వీధిలో మనుషుల్ని లేపడం కన్నా అల్మారాలో పుస్తకాల్ని నిలబెట్టడం నాకు సులువు.

కార్డు ఆఫీసులో ఇచ్చేసి, సంచీ, పుస్తకాల పెట్టె పట్టుకుని షెల్టరుకి వచ్చాను. కోచింగు పిల్లలు, తొడిమలవాళ్లు, తడి పట్టా, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. బోర్డు మేకులకి ఎవరిదో నీళ్లసీసా వేలాడుతోంది. చాందిని ప్రయాణికుల వైపు కూర్చుని ఏదో చదువుతోంది.

మస్తాన్‌బీ నా మెడ వైపు చూసింది.

"కార్డు ఇచ్చేశావా?"

"ఇచ్చేశానక్కా."

"అయితే కూకో" అని నా ఒళ్లో దోసెడు కాయలు పోసింది. అన్నేళ్లలో మొదటిసారి.

తొడిమ ఎలా విరచాలో నాకు చేతకాలేదు. పక్కనున్న పిల్ల చూపించింది. సగం కూడా కాలేదు, ఒంగోలు బస్సు వచ్చింది. లేవబోతే మస్తాన్‌బీ నా భుజం నొక్కి కూర్చోబెట్టింది. "పని సగంలో వదిలేసి పోతారా ఎవరన్నా? ఆగమను బస్సుని."

ఇంకొకప్పుడైతే బస్సే వదులుకునేదాన్ని. లేచి నిలబడి, కండక్టరుతో ఒక్క నిమిషం ఆగమని గట్టిగా చెప్పాను. షెల్టరంతా తిరిగి చూసింది. బస్సు ఆగింది.

చివరి కాయ తొడిమ తీసి, ఒడి దులుపుకుని ఎక్కాను. కిటికీలోంచి మస్తాన్‌బీ కనిపించలేదు, తల వంచుకుని పనిలో ఉంది. మిల్లు గోడ దాటాక కళ్లు నిండాయి. ఒంగోలు దాకా తుడుచుకోలేదు. ఆ చేతులతో తుడుచుకోకూడదని ఈ ఉద్యోగంలోనే నేర్చుకున్నాను.